కొలువు–కుదురు: చేరినవాళ్లు నిలవాలంటే

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం గోదావరి డెల్టావే. రొయ్యల ప్లాంట్లు, రైసు మిల్లులు, ఆసుపత్రులు, బట్టల షోరూములు అన్నీ మనుషుల కోసం వెతుకుతున్నాయి. వాటి పక్క ఊళ్లలోనే డిగ్రీ చేతబట్టుకున్న పిల్లలు ఫోను ఎప్పుడు మోగుతుందా అని కూర్చున్నారు. నియామకాల పని చేసేవాళ్ల వైపు నుంచి జవాబులు ఇస్తున్నాం. పేర్లు వద్దన్నారు కాబట్టి ఊరు, పని మాత్రమే వేశాం.

ప్రశ్న: మాది భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటండి. నేను హెచ్‌ఆర్ చూస్తాను. వలిచే సెక్షనుకి ఇంకా 40 మంది ఆడవాళ్లు కావాలి. మేస్త్రి తెస్తూనే ఉన్నాడు, పది రోజులు తిరక్కుండానే సగం మంది మానేస్తున్నారు. కిలో రేటు పెంచి చూశాం, లాభం లేదు. ఎక్కడ తప్పు జరుగుతోంది?
– హెచ్‌ఆర్ ఎగ్జిక్యూటివ్, భీమవరం మండలం

జవాబు: కిలో రేటు పెంచితే సంతోషపడేది చెయ్యి తిరిగిన పాతామె. మానేస్తున్నది కొత్తామె. తల తీయడం, వలవడం, వీపు మీద నల్ల నరం లాగడం, ఈ మూడూ చేతికి పట్టేదాకా పాతామె చేసేదాంట్లో ఆమె సగం కూడా చేయలేదు. మొదటి వారం కూలి చూసుకుని, దీనికంటే ఊళ్లో నాట్లకు పోవడమే నయం అనుకుంటుంది. అందుకని మొదటి మూడు వారాలు రోజు కూలి ఖాయంగా ఇవ్వండి, కిలో లెక్క ఆ తర్వాత మొదలుపెట్టండి. కిలో లెక్కన చేసేవాళ్లకైనా రోజు మొత్తానికి కనీస వేతనం కంటే తగ్గకూడదన్నది చట్టం. కొత్తవాళ్ల విషయంలో చాలా చోట్ల ఇదే తప్పుతోంది.

రెండోది, సరుకు కోసం ఎదురుచూపు. చెరువులో రొయ్యల పట్టుబడి అనుకున్న వేళకు అవదు. వల లాగడం ఆలస్యం, ఐసు ఆలస్యం, తూకం దగ్గర కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలన్న లెక్క) మీద బేరం, చెరువు గట్టు మీద లారీ దిగబడటం... ఏదో ఒకటి ఉంటుంది. ఆడవాళ్లు ఆరింటికి వచ్చి కూర్చుంటే లారీ పదింటికి వస్తుంది. కిలో లెక్కలో ఆ నాలుగు గంటలకూ పైసా రాదు. సాయంత్రం అదే నాలుగు గంటలు అదనంగా ఉండమంటారు. మనిషికి మంట పుట్టేది అక్కడే. ముందు రోజు రాత్రి 8 గంటలకల్లా పర్చేజ్ సెక్షను వాళ్ల దగ్గర రేపటి సరుకు ఎప్పుడొస్తుందో కనుక్కుని, ఏ ఊరి బండి ఎన్నింటికి బయల్దేరుతుందో బండికొక వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టండి. చదువు రానివాళ్లు ఉంటారు, రాసి పెడితే చాలదు. అయినా సరుకు రాకపోతే ఎదురుచూసిన గంటలకు రోజు కూలి లెక్కన కట్టండి. రోజుకు, వారానికి నిర్ణయించిన గంటలు దాటితే ఓవర్‌టైముకు రెట్టింపు వేతనం ఇవ్వాలి. రాత్రి 7 తర్వాత గానీ ఉదయం 6కు ముందు గానీ ఆడవాళ్లతో పని చేయించాలంటే వాళ్ల ఒప్పుదల, రవాణా, భద్రత ఉండాలి. ఒప్పుదల కాగితం చేరిన రోజునే మిగతా కాగితాల మధ్య పెట్టి సంతకం చేయించుకుంటారు కొందరు. అలా కాకుండా విడిగా చదివి వినిపించండి.

మూడోది బండి. మీ బండి మొదట ఎక్కించుకునే ఊరికీ గేటుకీ మధ్య ఎంతసేపు పడుతోందో ఒకసారి ఆ బండిలోనే కూర్చుని చూడండి. పుంతల్లోంచి, వంతెనల మీదుగా పది చోట్ల ఆగుతూ వస్తే గంటన్నర. తిరుగు ప్రయాణం ఇంకో గంటన్నర. ఎనిమిది గంటల పని ఆమెకు పదకొండు గంటలవుతుంది. హాజరు పట్టీని పేర్ల వారీగా కాక ఊళ్ల వారీగా వేసి చూస్తే ఏ ఊరివాళ్లు ముందు మానేస్తున్నారో తెలిసిపోతుంది. చాలాసార్లు అది బండి మొదట ఎక్కించుకునే ఊరే. రేటు పెంచడం కంటే రెండో చిన్న బండి పెట్టడం చవక.

ఇక గేటు దగ్గర చెప్పే నియమాలు. గాజులు, ఉంగరాలు, పూలు, ముక్కుపుడక తీయాలి, పుస్తెలు జాకెట్టు లోపలికి పోవాలి, గోళ్లు కత్తిరించాలి, జుట్టంతా టోపీలో దూరాలి. ఎగుమతి సరుకు కాబట్టి ఇందులో బేరం లేదు. కానీ కొత్తగా పెళ్లయిన పిల్లకు ఈ మాట మొదటి రోజు గేటు దగ్గర చెబితే అత్తగారు రెండో రోజు పంపరు. ఊళ్లోకి వెళ్లి మాట్లాడేటప్పుడే, ఇంట్లో పెద్దవాళ్ల ముందు ఈ మాట చెప్పేయండి. హాలు చల్లగా ఉంటుందని, చేతులు రోజంతా ఐసు నీళ్లలో ఉంటాయని, గంటల తరబడి నిలబడాలని కూడా అప్పుడే చెప్పాలి. ఉబ్బసం ఉందా అని అడగండి. సరుకు నల్లబడకుండా వాడే మెటాబైసల్ఫైటు వాసన వాళ్లకు అస్సలు పడదు.

చేతి తొడుగుల సైజు కూడా చూడండి. స్టోర్సులో మీడియం, లార్జి తప్ప ఉండవు. సన్నటి చేతికి వదులు తొడుగు వేస్తే వేలి కొసన నీళ్లు చేరతాయి, రొయ్య ముల్లు దిగుతుంది, వారానికి గోరుచుట్టు లేస్తుంది. చేతికి పుండు ఉన్నామెను లైను మీదకు రానివ్వరు, అది సరైన పనే. కానీ ఇంటికి పంపేస్తే కూలి పోతుంది. అలాంటివాళ్లను నాలుగు రోజులు అట్టపెట్టెలు మడతపెట్టే చోట గానీ లేబుళ్ల దగ్గర గానీ వాడుకోండి. చిన్న సైజు తొడుగులు తెప్పించండి.

మేస్త్రి కమీషను సంగతికొస్తే, తలకింత అని చేరిన రోజునే ఇచ్చేస్తే ఆయన పని అక్కడితో అయిపోయింది. మూడు భాగాలు చేయండి: చేరినప్పుడు ఒకటి, 30వ రోజు హాజరులో ఉంటే ఒకటి, 90వ రోజుకు మిగతాది. ఆయనే ఇంటికెళ్లి ఎందుకు రావట్లేదమ్మా అని అడుగుతాడు. ఆడవాళ్ల కూలి మాత్రం మేస్త్రి చేతికి ఇవ్వద్దు, నేరుగా వాళ్ల ఖాతాల్లో వేయండి.

ఎంతమందిని తీసుకోవాలన్న లెక్క కూడా మీ పట్టీ నుంచే తేలాలి. 50 మంది చేరితే 30వ రోజుకు 30 మంది నిలిచారనుకుందాం, అంటే నూటికి 60. అలాంటప్పుడు 40 మంది కావాలంటే 67 మందిని చేర్చుకోవాలి. పైన చెప్పినవి సర్దాక ఆ 60 కాస్తా 80 అయితే 50 మంది చాలు. యాజమాన్యానికి రెండో బండి ఖర్చు ఒప్పించాలంటే ఈ లెక్కే చూపించండి. యూనిఫారాలు, గంబూట్లు, మెడికల్ పరీక్షలు, మేస్త్రి కమీషను కలిపి ఒక్కో మనిషికి ఎంతవుతోందో పక్కన వేయండి.

ఏడాదిలో కొత్తవాళ్లను తీసుకునే వేళ కూడా ఉంది. కోతలు చాలావరకు మిషన్ల చేతికి వెళ్లాయి గానీ నాట్లు ఇంకా ఆడవాళ్ల మీదే నడుస్తున్నాయి. సార్వా (ఖరీఫ్) నాట్లప్పుడు, దాళ్వా (రబీ) నాట్లప్పుడు మనిషి దొరకదు. దొరికినా నిలవదు. రెండింటి మధ్యలో, ఆగస్టు చివర గానీ ఫిబ్రవరిలో గానీ ఊళ్లలోకి వెళ్లండి. 50 మంది, ఆ పైన పనిచేసే చోట పసిపిల్లలను ఉంచుకునే గది ఉండాలి. ఆ గది నిజంగా నడిస్తే, చంటిపిల్లల తల్లులు మిగతావాళ్లందరి కంటే గట్టిగా నిలబడతారు.

ప్రశ్న: రాజమహేంద్రవరంలో మాది 60 పడకల ఆసుపత్రి. నర్సులు ఏడాదిన్నర, రెండేళ్లకే వెళ్లిపోతున్నారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మా దగ్గర పెట్టుకుని, రెండేళ్ల బాండు రాయించుకుందామని మా డైరెక్టరు గారి ఆలోచన. ఇది సరైనదేనా?
– అడ్మినిస్ట్రేటరు

జవాబు: సర్టిఫికెట్లు పెట్టుకోవద్దండి. ఒరిజినల్సు చూడండి, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషను నంబరు సరిచూసుకోండి, జిరాక్సుల మీద సంతకం పెట్టించుకుని అదే రోజు తిరిగి ఇచ్చేయండి. అవి మీ బీరువాలో ఉన్నంతకాలం మీ మీద ఫిర్యాదుకు ఆస్కారం ఉంటుంది. పైగా ఈ మాట నర్సింగ్ కాలేజీ హాస్టళ్లలో ఒక్క రోజులో పాకుతుంది, తర్వాతి బ్యాచిలో మంచి పిల్లలు మీ వైపే రారు.

బాండు విషయం వేరు. 2025 మేలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వరంగ బ్యాంకు కేసులో, మూడేళ్లలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని చెప్పింది. అది చూపించి ఎవరైనా ఎంతైనా రాయించుకోవచ్చని కాదు. ఆ ఉద్యోగి అధికారి హోదాలో ఉన్న మనిషి, బ్యాంకు మళ్లీ దేశవ్యాప్త నియామకం పెట్టుకోవాల్సిన పరిస్థితి, అవన్నీ చూసి చెప్పిన తీర్పు అది. మీరు ఐసీయూ శిక్షణకో డయాలసిస్ శిక్షణకో నిజంగా డబ్బు ఖర్చుపెట్టి ఉంటే ఆ మేరకు, నెలనెలా తగ్గిపోయేలా రాసుకోండి. ఉదాహరణకు శిక్షణకు 24,000 అయితే, పనిచేసిన ప్రతి నెలకూ వెయ్యి తగ్గుతుంది. ఏ శిక్షణా ఇవ్వకుండా లక్ష బాండు రాయించుకుంటే అది బెదిరింపుకు తప్ప ఇంకెందుకూ పనికిరాదు.

అసలు వాళ్లు ఎందుకు వెళుతున్నారో చూడండి. గల్ఫు ఆసుపత్రులు చాలావరకు రెండేళ్ల అనుభవం అడుగుతాయి. జర్మనీ వెళ్లాలనుకునే పిల్ల రాత్రి డ్యూటీ దిగి ఆన్‌లైనులో జర్మన్ క్లాసు వింటోంది. ఆమె మీ దగ్గర చేరిన రోజునే రెండేళ్ల లెక్క వేసుకుంది. ఆ పిల్లను ఆపలేరు, ఆపాల్సిన పనీ లేదు. 30 మంది నర్సులు ఉంటే ఏడాదికి 15 మంది మారతారని ముందే అనుకుని, అందరినీ ఒకే నెలలో చేర్చుకోకుండా మూడు నెలలకోసారి నలుగురైదుగురి చొప్పున తీసుకోండి. ఒక బ్యాచి మొత్తం ఒకే జూన్‌లో చేరితే ఒకే జూన్‌లో వెళ్లిపోతుంది. అప్పుడు ఐసీయూ ఖాళీ.

మీరు ఆపగలిగేది ఆరో నెలలోనే మానేసేవాళ్లను. వాళ్ల కారణాలు జీతం దాకా కూడా పోవు. నైట్ డ్యూటీల పట్టీ రేపు అనగా ఇవాళ వేస్తారు. కనీసం పదిహేను రోజుల ముందు గోడ మీద ఉండాలి. రాత్రి డ్యూటీ దిగి హాస్టలుకు వెళ్లేసరికి టిఫిను అయిపోయి ఉంటుంది. పగలు పడుకుందామంటే పగటి డ్యూటీ వాళ్లతో కలిపి ఒకే గది. నైట్ వాళ్లకు వేరే గది, ఉదయం తొమ్మిదింటిదాకా టిఫిను, లోపల గడియపడే తలుపు, ఇవి చూడండి. చేరిన 45వ రోజున నర్సింగ్ సూపరింటెండెంటు కాకుండా వేరే ఎవరైనా కూర్చోబెట్టి అడగాలి. మానేసేటప్పుడు అడిగితే అందరూ ‘ఇంట్లో పరిస్థితులండి’ అనే చెబుతారు.

మానేసినవాళ్ల లెక్క నాన్చవద్దు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక చట్టాల (లేబర్ కోడ్‌ల) ప్రకారం రాజీనామా చేసినవాళ్లకైనా రావలసిన వేతనం రెండు పనిదినాల్లో ఇచ్చేయాలి. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్టు కూడా చేతిలో పెట్టి పంపండి. బయట మీ ఆసుపత్రి గురించి మంచో చెడో చెప్పేది వాళ్లే.

ప్రశ్న: మండపేట దగ్గర రైసు మిల్లు మాది. సంక్రాంతికి మిల్లు పది రోజులు పడకేస్తోంది. ఈసారి బీహారు కుర్రాళ్లను దింపుదామనుకుంటున్నాం. ఇంకో మాట. రికార్డులో 19 మందే ఉంటే పీఎఫ్ రాదంటున్నారు, బస్తాలు మోసే ముఠా వాళ్లను లెక్కలోకి తీసుకోవాలా?
– మిల్లు యజమాని

జవాబు: రెండో దానికి ముందు చెబుతాం, ఎందుకంటే మెడకు చుట్టుకునేది అదే. తీసుకోవాలి. మిల్లు పనికి వచ్చే ముఠా మేస్త్రి ద్వారా వచ్చినా, కాంట్రాక్టరు డబ్బులిచ్చినా 20 మంది లెక్కలోకి వస్తారు. కాంట్రాక్టరు కట్టకపోతే అసలు యజమాని కట్టాలి. తనిఖీలో హాజరు పట్టీ ఒక్కటే చూడరు. సరుకు దించిన వోచర్లు, బస్తాల కూలి చీటీలు, లారీ లోడింగు పుస్తకం కూడా చూస్తారు. బాకీ తేలితే ఏడాదికి 12 శాతం వడ్డీ, దానిపైన జరిమానా.

భయపడేంత ఖర్చు కూడా కాదు. 15,000 వేతనం మీద ఉద్యోగి వాటా 12 శాతం, అంటే 1,800. మీ వాటా మరో 1,800. బీమాకు అర శాతం, నిర్వహణకు అర శాతం కలిపితే మీకు మొత్తం 1,950 అవుతుంది. ఆ బీమా వల్ల సర్వీసులో ఉండగా మనిషి పోతే కుటుంబానికి 7 లక్షల వరకు వస్తుంది. బేసిక్ తక్కువ చూపించి మిగతాదంతా అలవెన్సులుగా రాసే పాత కిటుకు ఇప్పుడు పనిచేయదు. అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే దాటినంతా వేతనం కిందికే వస్తుంది.

ఇక సంక్రాంతి. భోగి నుంచి ముక్కనుమ దాకా కోనసీమలో గానీ పశ్చిమలో గానీ మనిషిని మిల్లులో ఉంచడం ఎవరి తరమూ కాదు. బరుల దగ్గర పందేలు నడుస్తుంటే సార్టెక్సు (బియ్యం ఏరే మిషను) దగ్గర ఎవరు నిలబడతారండి! ఆ నాలుగు రోజులూ మిల్లు ఆపేసి, బాయిలరు క్లీనింగు, రబ్బరు రోలర్ల మార్పు, ఎలివేటరు బెల్టుల పని ఆ రోజుల్లోకి నెట్టుకోండి. నష్టమంతా ఆ తర్వాతి వారంలో ఉంది. పండగ బోనసు మొత్తం పండగకు ముందే ఇచ్చేస్తే తిరిగి రావడానికి తొందరేమీ ఉండదు. చట్టప్రకారం ఇవ్వాల్సిన బోనసును ముట్టుకోకండి. మీరు ఇష్టంగా ఇచ్చే దాంట్లోంచి మాత్రం సగం జనవరి 19న, ఆ రోజు పనిలో ఉన్నవాళ్లకు ఇవ్వండి. ఈ మాట డిసెంబరు మొదట్లోనే చెప్పాలి, పండగ ముందు రోజు చెబితే తగువవుతుంది.

బీహారు వాళ్లు సంక్రాంతికి ఉంటారు, నిజమే. కానీ దీపావళి తర్వాత ఆరో రోజున వాళ్ల ఛఠ్ పండగ. దానికి ఇంటికి వెళ్లి తీరతారు. సరిగ్గా సార్వా ధాన్యం మిల్లుకు దిగడం మొదలయ్యే రోజులవి. హోలీకి మరోసారి వెళతారు. ఒడిశా వాళ్లయితే జూన్ మధ్యలో రజో పండగ, పశ్చిమ ఒడిశా వాళ్లయితే వినాయకచవితి మర్నాడు నువాఖాయి. అందుకని ఒకే ప్రాంతం వాళ్లతో మిల్లంతా నింపవద్దు. లోడింగు ముఠా స్థానికులది ఉంచి, లోపలి పనికి బయటివాళ్లను పెట్టుకుంటే ఒకరి పండగకు ఇంకొకరు ఉంటారు. క్యాలెండరు మీద మూడు రంగుల్లో మూడు రాష్ట్రాల పండగలూ గీసి ఆఫీసులో తగిలించండి.

బయటివాళ్లను తెచ్చేటప్పుడు మధ్యవర్తికి పెద్ద అడ్వాన్సు ఇచ్చి, అది తీరేదాకా మనిషిని కదలనివ్వకపోవడం వెట్టిచాకిరీ కిందికి వస్తుంది. 1976 నాటి చట్టం ప్రకారం అది నేరం. ప్రయాణ ఖర్చు మీరే పెట్టుకోండి, అప్పుగా రాయకండి. ఆధార్ జిరాక్సు, ఇంటి దగ్గర ఒక ఫోను నంబరు, బ్యాంకు ఖాతా, ఇవి దిగిన రోజునే తీసుకోండి. బాయిలరు దగ్గర పెట్టే మనిషికి బాయిలర్ అటెండెంటు సర్టిఫికెట్టు ఉందా, ఉంటే అది మీ బాయిలరు సైజుకు సరిపోయే క్లాసుదేనా అన్నది ఒరిజినల్ చూసి నిర్ణయించండి. పదేళ్లు చేశాడు, అన్నీ తెలుసు అంటే సరిపోదు.

ప్రశ్న: బి.కాం. పాసయ్యాను. ఒక కన్సల్టెన్సీ వాళ్లు 3,000 రిజిస్ట్రేషను ఫీజు కడితే కాకినాడలో అకౌంట్స్ ఉద్యోగం ఖాయమంటున్నారు. కట్టవచ్చా?
– పాలకొల్లు

జవాబు: కట్టవద్దు తమ్ముడూ. అసలైన రిక్రూటరుకు డబ్బు కంపెనీ ఇస్తుంది. మామూలుగా ఏడాది జీతంలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతం. అటు ఫీజు వచ్చేవాళ్లకు మీ మూడు వేలతో పనేముంది? యూనిఫారం డిపాజిట్టు, ట్రైనింగు ఫీజు, ల్యాప్‌టాప్ సెక్యూరిటీ అని పేర్లు మార్చి అడిగినా ఇదే జవాబు.

రెజ్యూమె ఒక పేజీ చాలు. పైన ఊరు, మండలం, ఏ పట్టణాల్లో పనిచేయగలరో రాయండి. బండి లైసెన్సు ఉంటే రాయండి. ట్యాలీ వచ్చు అని వదిలేయకుండా, జీఎస్టీ ఎంట్రీలు, బ్యాంకు రీకన్సిలియేషను, స్టాకు ఏది చేయగలరో చెప్పండి. రిక్రూటరు ఫోను ఒక్కసారే చేస్తాడు, ఎత్తకపోతే కింది పేరుకు వెళ్లిపోతాడు. తెలియని నంబరు చూసి కట్ చేసే అలవాటు ఈ రెండు నెలలు మానండి. జీతం ఎంత ఆశిస్తున్నారంటే ‘మీ ఇష్టమండి’ అనకండి. గది అద్దె, భోజనం, ప్రయాణం కలిపి ఎంతవుతుందో ముందే లెక్క వేసుకుని ఒక అంకె చెప్పండి.

ప్రశ్న: షోరూములో 15,000 జీతమన్నారు, చేతికి 13,087 వచ్చింది. మోసమా? అలాగే మా సూపర్‌వైజరుకి జూన్‌లో జీతం 20,500 నుంచి 21,500 అయింది. ఈఎస్‌ఐ ఇంకా ఎందుకు కోస్తున్నారు?
– సేల్స్ ఉద్యోగి, తణుకు

జవాబు: మోసం కాదు. పీఎఫ్ 1,800, ఈఎస్‌ఐ 0.75 శాతం 112.50ని రూపాయికి సవరిస్తే 113. రెండూ పోగా సరిగ్గా 13,087. తప్పల్లా చేర్చుకునేటప్పుడు చేతికి వచ్చే అంకె చెప్పకపోవడంలో ఉంది. ఈ విభాగం చదివే హెచ్‌ఆర్ వాళ్లు దయచేసి రెండు అంకెలూ చెప్పండి, సగం గొడవలు ఇక్కడే పుడుతున్నాయి.

సూపర్‌వైజరు గారి విషయంలో కోత సరైనదే. ఈఎస్‌ఐ పరిమితి 21,000. కానీ ఏప్రిల్–సెప్టెంబరు, అక్టోబరు–మార్చి అని రెండు చందా కాలాలు ఉంటాయి. మధ్యలో జీతం పెరిగినా ఆ కాలం ముగిసేదాకా కొత్త జీతం మొత్తం మీద కోయాలి. సెప్టెంబరు జీతంతో ఆగుతుంది. ఆ ఆరు నెలల చందాకు బదులుగా వచ్చే జనవరి నుంచి జూన్ దాకా ప్రయోజనాలు ఉంటాయి కాబట్టి కార్డు పారేయవద్దని చెప్పండి.

ప్రశ్న: నేను నాలుగేళ్లు ప్యాకింగు సెక్షనులో చేసి మానేశానండి. పీఎఫ్ కోసం పెడితే రెండుసార్లు తిరగ్గొట్టారు. నా పెళ్లయింది మధ్యలో.
– నరసాపురం

జవాబు: మీ ఆఖరి వాక్యంలోనే కారణం ఉండి ఉంటుందమ్మా. చేరినప్పుడు పుట్టింటి ఇంటిపేరుతో యూఏఎన్ (పీఎఫ్‌కు మనిషికొకటే ఉండే నంబరు) తీశారు. పెళ్లయ్యాక ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు పడింది. బ్యాంకులో ఇంటిపేరుకు పొడి అక్షరం ఒక్కటే ఉంది. మూడు చోట్లా పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఒకేలా ఉండాలి. వెంకటలక్ష్మి ఒక మాటగా ఉందా రెండుగా ఉందా, లక్ష్మి చివర ఐ ఉందా వై ఉందా అన్నది కూడా చూస్తారు. ఆధార్‌లో ఎలా ఉందో అదే ప్రమాణంగా పెట్టుకుని, బ్యాంకును, యూఏఎన్‌ను దానికి తగ్గట్టు మార్చండి. 2017 అక్టోబరు 1 తర్వాత వచ్చిన యూఏఎన్ అయ్యుండి, ఆధార్‌తో సరిచూసి ఉంటే ఈ మార్పు కంపెనీ ఆమోదం లేకుండా మీరే పోర్టల్లో చేసుకోవచ్చు. అంతకుముందుదైతే పాత కంపెనీ ధ్రువీకరించాలి.

తర్వాత సర్వీసు వివరాల్లో మానేసిన తేదీ పడిందో లేదో చూడండి. కంపెనీ వేయకపోతే ఆఖరి చందా తర్వాత రెండు నెలలు దాటాక ఆధార్ ఓటీపీతో మీరే వేసుకోవచ్చు. పీఎఫ్ డబ్బుకు ఫారం 19, పెన్షను భాగానికి ఫారం 10సి వేర్వేరుగా పెట్టాలి. చాలామంది మొదటిది పెట్టి రెండోది మర్చిపోతారు. మళ్లీ ఎక్కడైనా పనికి చేరే ఉద్దేశం ఉంటే తీయవద్దు, అదే యూఏఎన్ కొత్త కంపెనీకి ఇవ్వండి. సర్వీసు పదేళ్లు నిండితే పెన్షనుకు అర్హత వస్తుంది.

ప్రశ్న: మా చెల్లికి 27 ఏళ్లు, ఏడో తరగతి చదివింది. కువైట్‌లో ఇంటిపనికి విజిట్ వీసా మీద పంపి అక్కడ మారుస్తానని మా ఊరి ఏజెంటు 80,000 అడుగుతున్నాడు. ఊళ్లో చాలామంది అలాగే వెళ్లారంటున్నాడు.
– రాజోలు ప్రాంతం

జవాబు: వద్దని ఆపండి. పదో తరగతి పాసు కానివాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ (కొన్ని దేశాలకు పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషను క్లియరెన్సు తప్పనిసరి) కిందికి వస్తుంది. అలాంటి పాస్‌పోర్టుతో కువైట్‌లాంటి దేశాలకు ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండాలి. ప్రభుత్వం గుర్తించిన సంస్థ ద్వారానే వెళ్లాలి, ఎమిగ్రేషను క్లియరెన్సు ఉండాలి. ఈ మూడూ మీ చెల్లి విషయంలో కుదరవు కాబట్టే ఆయన విజిట్ వీసా అంటున్నాడు. అలా వెళితే అక్కడ జీతం ఇవ్వకపోయినా, పాస్‌పోర్టు లాక్కున్నా చూపించడానికి ఒప్పంద పత్రమే ఉండదు.

మీ ఇంట్లో మగవాళ్లెవరైనా వెళ్లాలనుకుంటే ఇవి చూసుకోండి. ఏజెంటు లైసెన్సు నంబరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైటులో కొట్టి, గడువు ఉందో లేదో చూడాలి. లైసెన్సు హైదరాబాదులో ఎవరిదో, ఇక్కడ తిరిగేది సబ్ ఏజెంటు అయితే ఆయనకు చట్టంలో చోటు లేదు. సర్వీసు చార్జి 30,000కు మించకూడదు, 18 శాతం జీఎస్టీతో 35,400. రసీదు ఇవ్వనంటే అక్కడితో ఆపేయండి. కువైట్‌లో ఇళ్లలో పనికి 20వ నంబరు వీసా, కంపెనీల్లో పనికి 18వ నంబరు. డ్రైవరు పని కంపెనీలో అని చెప్పి 20 కొట్టించి పంపుతుంటారు. దిగాక మార్చుకోవచ్చన్న మాట నమ్మవద్దు, ఆ మార్పు వాళ్ల ప్రభుత్వం తెరిచినప్పుడే కుదురుతుంది. ఎక్కడైనా పనిచేసుకోవచ్చంటూ ఆజాద్ వీసా అని అమ్మేదానికి చట్టంలో అలాంటి పేరే లేదు.

ప్రవాసీ భారతీయ బీమా తప్పక చేయించండి. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియంతో ప్రమాద మరణానికి, శాశ్వత వైకల్యానికి 10 లక్షలు ఉంటుంది. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, బీమా పాలసీ నాలుగూ ఫోటోలు తీసి వెళ్లేవాళ్ల ఫోనులోనే కాక ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి. ఒప్పందంలో జీతం ఏ కరెన్సీలో ఎంత, వారానికి సెలవు ఉందా, టిక్కెట్టు ఎవరిది అన్న మూడు గడులూ నిండి ఉన్నాయో లేదో చూడకుండా సంతకం చేయవద్దు. ఖాళీ గడి ఉంటే అడ్డంగా గీత కొట్టించి పక్కన సంతకం చేయించుకోండి.